రోమన్ కాలం సిరీస్ దోజ్ అబౌట్ టు డై చూశారా? స్పార్టకస్ సిరీస్ ముందు నిలుస్తుందంటారా?

మూసీ_తీరం:
ప్రైమ్‌లో ఉన్న పది ఎపిసోడ్లూ పూర్తి చేశాను. రోమన్ చక్రవర్తి వెస్పేసియన్‌గా ఆంథోనీ హాప్కిన్స్ ఉన్నంతసేపూ తెర మీంచి చూపు తిప్పలేకపోయాను. ఆయన పాత్ర పోయాక కథకి పెద్దదిక్కు లేకుండా పోయింది. అయినా నన్ను చివరిదాకా కూర్చోబెట్టింది కాలా. పిల్లలు బానిసలైపోతే ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా నుంచి రోముకి వచ్చి, బెట్టింగ్ నడిపే టెనాక్స్ దగ్గరే చేరి, వాడి వ్యాపారం వాడికంటే బాగా పట్టేసి, తెలివితోనే పైకొచ్చే తల్లి. ఈ తరహా సిరీస్‌లలో ఇలాంటి పాత్ర నేను చూళ్లేదు.

కొన్ని అడగాలి. స్పార్టకస్ చూసినవాళ్లు రెండిట్లో ఏది మేలంటారు? వెస్పేసియన్ కొడుకులు టైటస్, డొమిషియన్‌ల వైరం నిజంగా అంత ఉందా? టెనాక్స్ లాంటివాడు సొంతంగా రథాల జట్టు పెట్టగలిగేవాడా? ఇంటర్ చదివే మా అబ్బాయి చూస్తానంటున్నాడు, చూడనివ్వొచ్చా?

కాపువా_కాకి:
అసలు ఆ రెండిట్నీ పోల్చడమే తప్పండి. స్పార్టకస్‌లో ప్రతి చావుకీ ఒక బరువుంటుంది. స్పార్టకస్ స్నేహితుడు, తోటి గ్లాడియేటర్ వారో పోయిన ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. మేజిస్ట్రేట్ కొడుకు నుమీరియస్ ఇంకా మీసం కూడా రాని పిల్లాడు. వాడి వేడుక కోసం ఇంట్లోనే పెట్టిన ప్రదర్శన పోరు అది, ఎవరూ చావాల్సిన పని లేదు. స్పార్టకస్ మీద పగ ఉన్న ఇలిథియా ముందే వాడికి నూరిపోసింది. వాడు చంపెయ్యమని బొటనవేలు కిందికి తిప్పాడు. స్పార్టకస్ చెయ్యి ఆడకపోతే, చంపకపోతే ఇద్దరం పోతామని వారోనే ఆ కత్తి పట్టుకుని తన ఒంట్లో దింపుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దోజ్ అబౌట్ మొత్తంలో అలాంటి సీను ఒక్కటి చెప్పండి చూద్దాం.

కుటుంబ ఆశ అంటారా, స్పార్టకస్ యజమాని బాటియాటస్ ఇంటిని మించింది ఏముంది? తండ్రి ఇచ్చిన లుడస్‌తో, అంటే గ్లాడియేటర్ల శిక్షణశాలతో, వాడికి తృప్తి లేదు, కాపువా ఊళ్లో పదవి కావాలి. భార్య లుక్రీషియా ఏకంగా మామగారికే వైన్‌లో విషం పెట్టింది.

రథాల_రాయుడు:
గ్లాడియేటర్ల గురించి ఎప్పుడూ ఉండేదే. ఈ సిరీస్ కొత్తగా తెచ్చింది రథాల పందేలు, దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? రోములో జనం అసలు పిచ్చి రథాల పందేలు జరిగే మైదానం సర్కస్ మాక్సిమస్ మీద. కొలోసియంలో ఏ 50 వేల మందో పడితే, సర్కస్‌లో లక్షన్నర పైనే కూర్చునేవారు. ఏడు చుట్లు, ఒక్కో పందేనికి పన్నెండు రథాల దాకా. సారథి పగ్గాలు నడుముకి చుట్టి కట్టుకునేవాడు, ఒంటి బరువుతో గుర్రాల్ని లాగడానికి. రథం తిరగబడితే గుర్రాలు వాణ్ని ఇసకలో ఈడ్చుకుపోతాయి. అందుకే నడుముకో వంకర కత్తి, పగ్గాలు కోసుకుని బయటపడ్డానికి.

సిరీస్‌లోని సారథి స్కార్పస్ కల్పిత పాత్ర కాదు. 2048 పందేలు గెలిచి ఇరవై ఏడేళ్లు నిండకుండానే పోయినవాడు. రోమన్ కవి మార్షల్ అతని మీద పద్యాలు రాశాడు. అలాంటివాడి పందేలు తీసి, మలుపుల దగ్గర గ్రాఫిక్స్ గుర్రాలు కొట్టొచ్చినట్టు కనిపించేలా వదిలేశారు. నా బాధ అదొక్కటే. రోములోని సినెసిట్టా లాంటి పెద్ద స్టూడియోలో తీస్తూ కూడా ఆ మాత్రం జాగ్రత్త పడలేదంటే మనసు ఒప్పుకోవట్లేదు.

లాటిన్_లెక్చరర్:
నేను రోమన్ చరిత్రలో పీజీ చేశాను, ఇప్పుడూ అదే పాఠం చెబుతున్నాను కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కాపువా_కాకి గారు వర్ణించిన వారో సీను నాటకంగా గొప్పదే, చరిత్రగా నమ్మశక్యం కానిది. శిక్షణ పొందిన గ్లాడియేటర్‌ని ఓ పిల్లాడి సరదా కోసం ఎవరూ చంపించేవారు కాదు. రోమన్ న్యాయశాస్త్రవేత్త గాయస్ రాసిపెట్టిన ఒప్పందం చూడండి: గ్లాడియేటర్ క్షేమంగా తిరిగొస్తే నిర్వాహకుడు యజమానికి 20 దినారీలు (రోమన్ వెండి నాణేలు) అద్దె కట్టాలి. చచ్చినా, అవిటివాడైనా 1000 దినారీలు కట్టాలి. ఒక్క చావుకి యాభై రెట్లు. మొదటి శతాబ్దంలో ప్రతి అయిదు పోటీల్లో ఒకదాంట్లో ఒకరు చనిపోయి ఉంటారని ఫ్రెంచ్ చరిత్రకారుడు జార్జ్ విల్ అంచనా. ఓడినవాళ్లలో ఎక్కువమందిని ప్రాణాలతో వదిలేసేవారు.

బొటనవేలు కిందికి తిప్పితే చావు అన్నది కూడా మన కళ్లలో నిలిచిపోయింది 1872లో ఫ్రెంచ్ చిత్రకారుడు జెరోమ్ వేసిన పెయింటింగ్ వల్ల. రోమన్లు వేలిని ఎటు తిప్పేవారో కచ్చితంగా తేలలేదు.

కాపువా_కాకి:
లెక్చరర్ గారూ, గాయస్ రాసింది క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో. స్పార్టకస్ తిరగబడింది క్రీస్తు పూర్వం 73లో. మధ్యలో రెండొందల ఏళ్ల పైన తేడా ఉంది. ఆ కాగితం తెచ్చి ఈ కథకి తగిలిస్తే ఎలా? పైగా అంత సుఖంగా చూసుకుంటే డెబ్బై మందికి పైగా వంటింటి కత్తులు, మాంసం కాల్చే చువ్వలు పట్టుకుని ఎందుకు పారిపోయారు? ఓడిపోయాక ఆరువేల మందిని కాపువా నుంచి రోము దాకా అప్పియన్ దారి పొడుగునా శిలువ వేశారు. ఆ ప్రాణాలకి ఎన్ని దినారీలు కట్టారో కూడా చెప్పండి.

లాటిన్_లెక్చరర్:
తిరుగుబాటుదారులకి వేసిన శిక్షనీ, బరిలో పోటీనీ కలిపేస్తున్నారు మీరు. అవి వేరు. సిసిలీలో ఫ్లామా అనే సిరియన్ గ్లాడియేటర్ సమాధి రాయి దొరికింది: 34 పోటీలు, 21 గెలుపులు, 9 సమానం, 4 సార్లు ఓడినా క్షమించారు. చనిపోయేనాటికి ముప్పై ఏళ్లు. మీరన్నట్టు ఓడితే చావే అయితే వాడు మొదటి ఓటమితోనే పోవాలి కదా. ఈ సిరీస్‌లో ఫ్లామా పేరు వాడుకున్నారు గానీ ఆ బతుకుని వాడుకోలేదు.

కాపువా_కాకి:
మీకు ఒక రాయి దొరికితే నాకూ ఒకటి దొరికింది. ఇటలీలోని మింటుర్నేలో క్రీస్తు శకం 249 నాటి శాసనం. పదకొండు జతల్ని దించి పదకొండు మందిని చంపించానని గర్వంగా చెక్కించుకున్నాడు దాత. అంటే ప్రతి జతలో ఒకడు. దీనికేమంటారు?

లాటిన్_లెక్చరర్:
ఎవరూ అంత ఖర్చు పెట్టరు కాబట్టే శిలాశాసనం వేయించుకున్నాడంటాను. మామూలుగా జరిగేదాన్ని ఎవడూ రాయి మీద చెక్కించడు. నేను చదివిన చదువు మీద మీకు నమ్మకం లేకపోతే నేనేం చేయలేను.

కాపువా_కాకి:
చదువు మీద కాదు, మీ గొంతు మీద అభ్యంతరం నాకు. ఇక్కడెవరూ మీ క్లాసులో కూర్చోలేదు.

గోదారి_గట్టు:
కొంచెం ఆగండి ఇద్దరూ. టెనాక్స్ గురించి మూసీ_తీరం గారు అడిగిన ప్రశ్న గాలికి పోయింది. నాకు ఆ పాత్రే నచ్చింది. మా భీమవరం వైపు సంక్రాంతి బరుల దగ్గర చూడండి, పుంజుకి కత్తి కట్టేవాడు ఒకడు, పందెం డబ్బు చేతులు మార్చేవాడు ఇంకొకడు. డబ్బు పట్టుకునేవాడికి పుంజు గెలిచినా ఓడినా నష్టం లేదు. టెనాక్స్ కూడా సరిగ్గా ఆ మనిషే. కొంతకాలానికి ఆ డబ్బుతో పుంజుకి బదులు బరినే కొనాలన్న ఆశ పుడుతుంది. నీలం, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జట్లు నాలుగూ పెద్దింటివాళ్ల చేతిలో ఉంటే, వాడు బంగారు రంగు జట్టు పెడతానంటాడు. అది కథకి చాలా పెద్ద మలుపు.

రథాల_రాయుడు:
బంగారు జట్టు నిజంగా ఉంది! కాకపోతే పెట్టింది డొమిషియన్, చక్రవర్తి అయ్యాక. బంగారు, ఊదా రెండు జట్లూ పెట్టాడు, రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. అవి ఎక్కువకాలం నిలవలేదు. సిరీస్‌లో దాన్ని ముందుకి జరిపి టెనాక్స్‌కి అంటగట్టారు. వాడి జట్టుకి డొమిషియన్ అండ ఉందని చూపించడం నాకు బాగా నచ్చింది.

సంపాదన మాటకొస్తే డయోక్లిస్ అని ఒక సారథి, ఇప్పటి పోర్చుగల్ వైపు నుంచి వచ్చాడు. 4257 పందేల్లో పాల్గొని 1462 గెలిచాడు. నలభై రెండేళ్లకి విరమించేనాటికి 3,58,63,120 సెస్టర్సులు (అప్పటి రోమన్ నాణేలు) గెలుచుకున్నాడని శాసనంలో ఉంది. ఇలాంటివాడి కథ ఇంకా ఎవరూ సిరీస్‌గా తీయలేదేమిటో.

అమ్మ_మాట:
కాలా గురించి మొదటి పోస్టు తర్వాత ఒక్కరూ నోరు విప్పలేదు. వేరే గ్రూపుల్లో అయితే "ఆ రోజుల్లో ఆడది అలా వ్యాపారం చేస్తుందా, రాసినవాళ్లకి పిచ్చి" అని ఇష్టమొచ్చినట్టు తిట్టారు. చదివినప్పుడల్లా కడుపు మండింది. సిరీస్ జరిగేది క్రీస్తు శకం 79లో కదా, అదే ఏడు వెసువియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి ఊరు బూడిద కింద కూరుకుపోయింది. ఆ బూడిదలోంచి బయటపడ్డ గోడ మీద జూలియా ఫెలిక్స్ అనే ఆవిడ వేయించిన ప్రకటన ఉంది: స్నానశాల, దుకాణాలు, మేడ మీది గదులు అయిదేళ్లకి అద్దెకి ఇవ్వబడును అని. ఆడవాళ్లు ఆస్తులు నడిపారు, అద్దెలు వసూలు చేశారు. కాలాని చూసి ఎందుకంత ఇదైపోతున్నారో నాకర్థం కాదు.

నేను ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచి, చీరల షాపు నడిపిన మనిషిని. బేరం దగ్గర కాలా ముఖంలో భయం కనపడనివ్వకుండా అంకె చెప్పే పద్ధతి ఉంది చూశారా, ఆ పాత్ర వేసిన సారా మార్టిన్స్ అది అచ్చంగా చేసింది. లోపల గుండె దడదడలాడుతుంటే బయటికి అలాగే నిలబడాలి.

లాటిన్_లెక్చరర్:
జూలియా ఫెలిక్స్ ఆస్తిపరురాలు, స్థానికురాలు. ఆఫ్రికా నుంచి వచ్చి, పిల్లలు బానిసలైన స్త్రీ పరిస్థితి అది కాదు. రెండూ ఒకటే అనడం సరికాదు.

అమ్మ_మాట:
ఒకటే అని నేనెక్కడన్నాను? ఆడవాళ్లు వ్యాపారం చేశారా లేదా అన్నదే మాట. చేశారు. గోడ మీద రాసి ఉంది.

ఐరన్_అన్న:
నేను జిమ్ ట్రైనర్‌ని, ఒక ఫిట్‌నెస్ సంగతి చెప్పాలి. ఈ సిరీస్‌లలో గ్లాడియేటర్లందరికీ సిక్స్‌ప్యాక్ చూపిస్తారు. టర్కీలోని ఎఫెసస్‌లో గ్లాడియేటర్ల శ్మశానం 1993లో బయటపడింది. ఆస్ట్రియా పరిశోధకులు ఆ ఎముకలు పరీక్షిస్తే తిండి ఎక్కువగా గోధుమ, బార్లీ, చిక్కుళ్లు అని తేలింది. వాళ్లకి బార్లీ తినేవాళ్లని పేరే ఉండేది. చర్మం కింద కొవ్వు పొర ఉంటే కత్తి గీత పడినా నరం దాకా పోదని, అందుకే కాస్త ఒళ్లు చేసి ఉండేవారని వాళ్ల వాదన. ఇంకోటి, పోటీ అయ్యాక బూడిద కలిపిన పానీయం తాగేవారు, కాల్షియం కోసం. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఈ సీన్లు చూసి అన్నం మానేసి రోజంతా గుడ్డు తెల్లసొనే తింటామంటారు. వాళ్లకి ఇదే చెబుతుంటాను.

నాటుకోడి_నాని:
అన్నా, అది డబ్బు లేక పెట్టిన తిండి. బానిసకి మాంసం ఎవడు పెడతాడు? దాన్ని తెచ్చి మాంసం వద్దు అని ప్రచారం చేయకండి.

ఐరన్_అన్న:
మాంసం వద్దని నేనన్లేదు తమ్ముడూ. ఒక్కడు చస్తే 1000 దినారీలని పైన లెక్చరర్ గారే రాశారు. అంత ఖరీదైన మనిషికి పిసినారితనంతో తిండి పెడతారా? గాలెన్ అంతటి వైద్యుడు పెర్గమమ్‌లో గ్లాడియేటర్లకి వైద్యం చేశాడు. కావాలనే పెట్టిన తిండి అది.

నాటుకోడి_నాని:
ఎముకలు చూసి కూర వాసన చెప్పలేం. నేనొప్పుకోను.

పల్నాటి_బిడ్డ:
ఎక్కడో రోము గురించి కొట్టుకుంటున్నారు, మన దగ్గరే బరి ఉంది తెలుసా ఎవరికైనా? నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలం నాటి ఆంఫీథియేటర్ బయటపడింది. మూడో శతాబ్దం. సాగర్ నీళ్లలో మునిగిపోకుండా విప్పి తెచ్చి అనుపులో మళ్లీ కట్టారు. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో బరి. మెట్ల మీద కూర్చుంటే కింద మాట్లాడే మాట స్పష్టంగా వినిపిస్తుంది. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. రోము నుంచి వచ్చిన ఆలోచనే అది. మా పల్నాడులో కూడా గ్లాడియేటర్ పోటీలు జరిగాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

లాటిన్_లెక్చరర్:
చాలా కావాలి. అనుపు కట్టడం దీర్ఘచతురస్రం, రోమన్ బరులు కోడిగుడ్డు ఆకారం. కొలోసియం పొడవు 188 మీటర్లు, అనుపు బరి దాని పక్కన పెరడంత. నాణేలు వ్యాపారంతో వస్తాయి, వాటి వెంట గ్లాడియేటర్లు రారు. అక్కడ కుస్తీలో, నాట్యాలో, సభలో జరిగాయంటారు. మనుషులు చచ్చేదాకా పొడుచుకున్నారనడానికి ఆధారం లేదు.

పల్నాటి_బిడ్డ:
మన ఊరి గొప్ప చెప్పగానే ఆధారాలు గుర్తొస్తాయి. రోము మీద మీరు చెప్పేవన్నీ మాత్రం వేదవాక్కు. ఎప్పుడైనా అనుపు వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నారా మీరు?

లాటిన్_లెక్చరర్:
వెళ్లాను. మన దేశంలో అంత చక్కగా మిగిలిన పాత బరి అరుదు. దాని గొప్ప దానిదే, దాన్ని రోముకి తాకట్టు పెట్టొద్దంటున్నాను.

నిర్వాహకుడు:
వ్యక్తుల మీద మాటలు వద్దు. సిరీస్ గురించి రాయండి. అనుపు మీద ఆసక్తి ఉన్నవాళ్లు వేరే చర్చ మొదలుపెట్టుకోండి.

మూసీ_తీరం:
అన్నదమ్ముల సంగతి ఎవరైనా చెబుతారా? మా అబ్బాయి సంగతి కూడా అలాగే ఉండిపోయింది.

గోదారి_గట్టు:
అబ్బాయికి చూపించకండి. మొదటి ఎపిసోడ్ నుంచే రక్తం, శృంగారం రెండూ ఉన్నాయి. పెద్దవాళ్ల సిరీస్. స్పార్టకస్ అయితే ఇంకా ఎక్కువ.

లాటిన్_లెక్చరర్:
అన్నదమ్ముల కంటే ముందు ఆ కుటుంబాన్ని చూడాలి, సిరీస్‌లో అసలు ఆశ అదే. వెస్పేసియన్ కుటుంబం ఫ్లేవియన్లు పాత రాజవంశం కాదు. వెస్పేసియన్ తండ్రి పన్నులు వసూలు చేసినవాడు, తాత సైన్యంలో సెంచూరియన్, అంటే దళనాయకుడు. 69లో ఒక్క ఏడాదిలో నలుగురు చక్రవర్తులు మారితే, నాలుగోవాడుగా నిలబడ్డాడు వెస్పేసియన్. మనం రాజులం కాదు అన్న భయం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంది. అందుకే అంతకుముందు చక్రవర్తి నీరో తన బంగారు భవనం కోసం తవ్వించుకున్న చెరువుని పూడ్చి, అదే చోట జనానికి ఆంఫీథియేటర్, అదే కొలోసియం, కట్టించాడు. డబ్బు జెరూసలేం కొల్లగొట్టి తెచ్చినది. ఆ ఊరిని 70లో పడగొట్టింది టైటస్. అంటే తండ్రి కట్టాడు, పెద్దకొడుకు దోచుకొచ్చి 80లో ప్రారంభించాడు, వంద రోజులు ఆటలు నడిపాడు. ఆ రోజుల్లో తొమ్మిదివేల జంతువుల్ని చంపారని రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. చిన్నకొడుకు డొమిషియన్‌కి పట్టాభిషేకం దాకా పేరుకి పదవులే గానీ చేతిలో అసలైన అధికారం లేదు. పదేళ్లకి పైగా అన్న నీడలో నిలబడ్డాడు. ఆ కసి కల్పన కాదు.

టైటస్ 81 సెప్టెంబరులో జ్వరంతో పోయాడు, తండ్రి పోయిన ఇంట్లోనే. కొనఊపిరితో ఉన్న అన్నని డొమిషియన్ మంచు నింపిన పెట్టెలో పెట్టించాడని పుకారు ఉంది.

అమ్మ_మాట:
బెరెనీస్‌ని ఎవరూ తలుచుకోరేం. ఆమె యూదుల రాణి. తన ఊరిని కూలగొట్టినవాణ్ని ప్రేమించి రోము దాకా వచ్చింది. జనం ఒప్పుకోలేదని టైటస్ ఆమెని వెనక్కి పంపేశాడు, ఇద్దరికీ ఇష్టం లేకుండానే. ఆ ముక్కకి సిరీస్‌లో ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది.

కాపువా_కాకి:
నేను మళ్లీ చావుల దగ్గరికే వస్తాను, జవాబు రాలేదు కాబట్టి. సిరీస్ పేరే చావబోయేవాళ్లు. "చావబోయేవాళ్లం నీకు వందనం చేస్తున్నాం" అని బరిలో నిలబడి అన్నవాళ్లకి తాము బతుకుతామన్న నమ్మకం ఉన్నట్టుందా?

లాటిన్_లెక్చరర్:
ఆ మాట అన్నది గ్లాడియేటర్లు కాదు, బరిలోనూ కాదు. 52లో చక్రవర్తి క్లాడియస్ ఫ్యూసినస్ సరస్సు మీద పెట్టించిన నావికా పోరులో మరణశిక్ష పడ్డ ఖైదీలు అన్నారు. ఇంకెక్కడా ఆ వందనం కనపడదు.

గ్లాడియేటర్ల గతి తెలియాలంటే కొలోసియం ప్రారంభోత్సవంలోనే ప్రిస్కస్, వేరస్ పోరు ఉంది. ఎవరో ఒకరు వేలెత్తి ఓటమి ఒప్పుకునేదాకా ఆపొద్దని నియమం. ఎంతసేపు గడిచినా ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరూ ఒకేసారి ఓటమి ఒప్పుకున్నారు. టైటస్ ఇద్దరికీ విడుదలకి గుర్తుగా చెక్కకత్తి ఇచ్చి స్వేచ్ఛ ఇచ్చేశాడు. మార్షల్ పద్యంలో ఉంది ఇదంతా. పది ఎపిసోడ్లు తీసి, ఆ ప్రారంభోత్సవం దాకా వచ్చి, ఈ పోరుని వదిలేయడం నాకు మింగుడు పడలేదు.

కాపువా_కాకి:
ఇప్పుడు మీరే నా మాట చెప్పారు. గ్లాడియేటర్ పోరుని మొదటి నుంచి చివరిదాకా వర్ణించిన కవిత మనకి మిగిలింది అదొక్కటే. ఇద్దరూ బతికి బయటపడ్డం అంత వింత కాబట్టే కదా మార్షల్ పద్యం కట్టింది? మామూలుగా జరిగేదాన్ని ఎవడూ రాయడని పైన అన్నది మీరే.

లాటిన్_లెక్చరర్:
వింత ఇద్దరూ బతకడం కాదు, ఇద్దరూ గెలవడం. పద్యం చివర్లో మార్షల్ స్వయంగా ఆ మాటే అన్నాడు.

రథాల_రాయుడు:
చావుల లెక్కే కావాలంటే సర్కస్‌కి రండి, అక్కడ పాతికేళ్లకే పోయినవాళ్ల సమాధులు వరసగా ఉన్నాయి. పోలినీసిస్ అనే సారథి 739 పందేలు గెలిచి ముప్పై నిండకుండానే పోయాడు. అభిమానం సంగతి అయితే గ్లాడియేటర్లు దరిదాపులకి కూడా రారు. ఎర్ర జట్టు సారథి ఫెలిక్స్ చనిపోతే చితి మీదికి ఒక అభిమాని దూకేశాడు. రోమన్ రచయిత ప్లీనీ రాశాడు ఇది. వెంటనే అవతలి జట్లవాళ్లు, వాడు దూకలేదు, చితిలో వేసిన సుగంధాల ఘాటుకి కళ్లు తిరిగి పడ్డాడు అని ప్రచారం మొదలుపెట్టారు, చచ్చినా సరే ఫెలిక్స్‌కి ఆ పేరు దక్కకూడదని. సిరీస్ రాసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ చితి దగ్గర మొదలుపెట్టండి కథ.